సందేహభారము ఎవరిది?



మన ఇండ్లలో వివాహమైనను, గృహప్రవేశమైనను పెద్దలు అక్షతలు చల్లి, పుత్రపౌత్రాభివృద్ధి కలుగవలెనని దీవింతురు. తక్కినవారికి ఇది ఆచారముగా పలుకు మాట కావచ్చును. మనకు మాత్రము ఇది చరిత్ర. కోరంగి, విశాఖపట్టణము, మద్రాసు రేవుల నుండి ఓడలెక్కిన మన పూర్వులను తోటల యజమానులు కూలీలుగా లెక్కించిరే గాని సంసారులుగా లెక్కింపలేదు. 1879 నుండి 1916 వరకు ఫిజీకి సాగిన వలసలో 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలుండిన చాలునని నాటి ప్రభుత్వపు నిబంధన. మారిషస్‌లోను, నేటాలులోను మొదటి దశాబ్దములలో స్త్రీల కొరత ఇట్టిదే. అట్టి కాలమున ఒక లయములో ఊయల కట్టుటయనగా ఒక వంశము నిలుచుట, ఒక పండుగ నిలుచుట, ఒక భాష నిలుచుట. సంతానమును మనవారు అంతగా కోరుటకు కారణమిదియే.

కాని ఊయల కట్టని ఇల్లు కూడ కలదు. ఆ ఇంటిలో, లోపమెవరిదన్న సందేహమును ఎవరు మోయుచున్నారు? ఎవరు మోయుట న్యాయము? ఈ ప్రశ్నను మీ ముందుంచుటయే నా ఉద్దేశము. దేవాలయపు సంచికలో ఇట్టి విషయమేలయని కొందరికి తోచవచ్చును. సంతానము కొరకు ముడుపులు కట్టునది దేవాలయముననే గదా! కావున ఇచ్చటనే మాటలాడుట ఉచితము. నేను గుడిబడిలో తెలుగు నేర్చిన ఉపాధ్యాయుడను, వైద్యుడను కాను. ఒమాన్ దేశమున, మస్కట్ నగరపు సముద్రతీరమునగల అజైబాలో నివసించుచు, చదివినదానిని, చూచినదానిని తూచి చెప్పుటకు మాత్రమే ప్రయత్నింతును.

మొదట ఒక మాటను గురించి ఆలోచింతము. తెలుగులో సంతానములేని స్త్రీని గొడ్రాలందురు. ఈ మాట పల్లెలో ప్రతివారికిని తెలియును. దీనికి సరియగు పుంలింగ పదమేదియని నా విద్యార్థి యొకడు అడిగినాడు. వాడుకలో లేదు. మాట లేనిచోట నింద కూడ చేరదు. పురుషునకు ఆ పేరు పెట్టుటకు మాటయే లేకపోవుటచేత నింద యంతయు స్త్రీ తలపైననే నిలిచినది.

మన పురాణములు ఇట్లు చెప్పలేదు. దశరథునకు మువ్వురు పట్టమహిషులుండియు సంతానము కలుగలేదు. యజ్ఞదీక్ష వహించినవాడు రాజే. దిలీప మహారాజు తనకు సంతానము లేకుండుటకు కారణము కామధేనువు పట్ల తాను చేసిన ఉపేక్షయని గురువువలన తెలిసికొని, నందినీ ధేనువును స్వయముగా సేవించెను. పాండురాజు శాపగ్రస్తుడు తానేయని ఎరిగి, ఆ సంగతిని భార్యలకు తెలియజేసెను. పురాణపురుషులు దోషము తమయందు ఉండవచ్చునని అంగీకరించిరి. మనము ఆ కథలను హరికథలలో విని, ఇంటికి వచ్చి కోడలిచేత ఉపవాసములు చేయించుచున్నాము.

వైద్యశాస్త్రము చెప్పునదియు పురాణములకు దగ్గరగనే యున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము ప్రపంచములో ఆరుగురిలో సుమారు ఒకరు జీవితములో ఎప్పుడైనను సంతానలేమిని అనుభవించుచున్నారు. అట్టి దంపతులలో ఇంచుమించు సగముమంది విషయమున కారణము పురుషుని యందే గాని, ఇరువురి యందును గాని ఉండును. పురుషుని పరీక్ష మిక్కిలి సులభము. వీర్యమును సూక్ష్మదర్శినితో చూచుటయే. స్త్రీకి చేయు పరీక్షలు అనేకము, బాధాకరములు, వ్యయముతో కూడినవి. అయినను ముందు పరీక్షకు వెళ్లునది ఎవరో మీకు తెలియును.

ఇది ఇంటి సంగతి. ఇక లోకము సంగతి. 1992లో డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞులు, అంతకుముందు అర్ధశతాబ్దములో వెలువడిన 61 పరిశోధనలను కూడదీసి, పురుషుల వీర్యమున ఒక మిల్లీలీటరులోని శుక్రకణముల సగటు సంఖ్య 1940లో 11 కోట్ల 30 లక్షలుండగా 1990 నాటికి 6 కోట్ల 60 లక్షలకు తగ్గినదని ప్రకటించిరి. 2017లో మరియొక బృందము 1973 నుండి 2011 వరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి, పాశ్చాత్య దేశములలో ఈ సంఖ్య సగమునకు పైగా తగ్గినదని చెప్పెను. 2022లో అదే బృందము ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశములను కూడ చేర్చి, 1973 నుండి 2018 వరకు 51.6 శాతము తగ్గుదల కలదనియు, 2000 తరువాత తగ్గుదల వేగము హెచ్చినదనియు తెలిపెను.

దీనిని అందరును అంగీకరింపలేదు. పాతకాలపు లెక్కింపు పద్ధతులు నేటివంటివి కావనియు, పరీక్షకు వచ్చినవారు జనసామాన్యమునకు ప్రతినిధులు కారనియు, కణములు తగ్గినంత మాత్రమున సంతానశక్తి అంతే తగ్గినదనరాదనియు పండితులు వాదించిరి. ఇవి తోసివేయదగిన వాదములు కావు. నేడు కుటుంబములలో పిల్లలు తక్కువగుటకు ముఖ్యకారణము దంపతుల ఇష్టమే గాని రోగము కాదు. ధూమపానము, మద్యము, స్థూలకాయము, గవదబిళ్లలు, వృషణముల చుట్టు నరములు ఉబ్బుట మొదలగు తెలిసిన కారణములును అనేకము కలవు. కావున లోకములోని పురుషులందరును విషప్రభావముచేత వంధ్యులగుచున్నారని భయపెట్టుట సత్యము కాదు. పొగ, ప్లాస్టిక్కు, పురుగుమందులు కారణములు కావచ్చుననునది విషయమున ఎక్కువ భాగము ఇప్పటికిని సందేహమే.

అయితే సందేహము లేని దృష్టాంతములు కొన్ని కలవు. అవి చాలవరకు తోటలకు, చేలకు సంబంధించినవే యగుటచేత మనము వానిని తప్పక తెలిసికొనవలెను.

మొదటిది డైబ్రోమోక్లోరోప్రొపేన్ అను మందు. నేలలో అరటి, అనాస మొక్కల వేళ్లను తినివేయు నులిపురుగులను చంపుటకు దీనిని వాడిరి. 1961లోనే, ఈ మందు జంతువుల వృషణములను కృశింపజేయునని తయారీదారుల కొరకు జరిగిన పరిశోధన ప్రచురితమైనది. అయినను అమ్మకము సాగినది. 1977లో కాలిఫోర్నియాలోని లాత్రోప్ అను ఊరి కర్మాగారములో ఈ మందు తయారుచేయు కార్మికులు, తమలో ఎవరికిని పిల్లలు కలుగుటలేదని తమలో తాము మాటలాడుకొనుచుండగా గమనించిరి. వైద్యులు పరీక్షింపగా అనేకుల వీర్యములో కణములు మిక్కిలి తక్కువగా నుండెను, కొందరిలో ఒక్కటియు లేకుండెను. పదునారేండ్ల క్రిందట ఎలుకలు చెప్పిన సత్యమును చివరకు మనుష్యుల దేహములు చెప్పవలసివచ్చినది. 1979లో అమెరికాలో దాని వాడుకను నిలిపిరి. హవాయి దీవులలోని అనాస తోటలకు మాత్రము 1985 వరకు మినహాయింపునిచ్చిరి. కోస్టారికా, నికరాగువా, హోండురాస్ మొదలగు దేశములలోని అరటితోటలలో వేలకొలది కూలీలు ఆ మందుచేత సంతానశక్తిని కోల్పోయిరి. వారిలో కొందరు తిరిగి కోలుకొనిరి, మరికొందరు ఎన్నటికిని కోలుకొనలేదు.

రెండవది మనకు మరింత దగ్గరిది. కరీబియన్ సముద్రములోని గ్వాడెలూప్, మార్టినిక్ దీవులకు 1853, 1854 సంవత్సరముల నుండి పుదుచ్చేరి, కారైకాల్ రేవుల ద్వారా దక్షిణభారత కూలీలు వెళ్లిరి. వారు మనవంటివారే. అచ్చటి అరటితోటలలో 1972 నుండి 1993 వరకు క్లోర్డెకోన్ అను మందును వాడిరి. 1975లోనే అమెరికాలోని హోప్‌వెల్ పట్టణములో దానిని తయారుచేసిన కార్మికులకు వణుకురోగముతో పాటు శుక్రకణముల క్షీణత కూడ కలిగి, ఆ కర్మాగారము మూతపడినది. ఆ తరువాతనే దీవులలో దాని వాడుక పదునెనిమిదేండ్లు సాగినది. నేడు ఆ దీవులలోని వయోజనులలో నూటికి తొంబది మందికి పైగా ఆ విషపు జాడను రక్తములో మోయుచున్నారు. దానికిని పురుషుల ప్రొస్టేటు క్యాన్సరుకును సంబంధము కలదని 2010లో ఒక పరిశోధన తెలిపెను.

ఇక భారతదేశము. కేరళలోని కాసరగోడు జిల్లాలో జీడిమామిడి తోటలపై ఎండోసల్ఫాన్ అను మందును రెండు దశాబ్దములకు పైగా, 2000 వరకు, హెలికాప్టరుతో చల్లిరి. తోటల క్రిందనే పల్లెలు, బావులు, పాఠశాలలు. అచ్చటి మగపిల్లలకు యౌవన లక్షణములు ఆలస్యముగా వచ్చుచున్నవని అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2003లో ప్రచురించిరి. 2011లో భారత సర్వోన్నత న్యాయస్థానము ఆ మందును నిషేధించెను. మన తెలుగుదేశపు పత్తి రైతులకును ఆ మందు పరిచితమే. పత్తి చేలలో పురుగుమందులు చల్లిన పురుషుల కుటుంబములు వేయికి పైగా, అట్టి పని చేయనివారి కుటుంబములు వేయికి పైగా తీసికొని హైదరాబాదు శాస్త్రజ్ఞులు పోల్చిచూచి, 1991లో ఫలితములను ప్రచురించిరి. మందు చల్లినవారిలో సంతానశక్తి తగ్గుటయు, వారి ఇండ్లలో మృతశిశు జననములు, పుట్టిన వెంటనే మరణములు, అంగలోపములు హెచ్చుటయు కనబడినవి. ఆ ఇండ్లలో గొడ్రాలన్న మాట పడిన స్త్రీలెందరో! ఆ మాట అన్నవారు, ఇంటి మూలనున్న మందుడబ్బాను ఒక్కసారియైన అనుమానించియుందురా?

ఇచ్చట మూడు సమాధానములు మనకు వినవచ్చును. మూడును పరిశీలింపదగినవే.

మొదటిది, ఇది పూర్వజన్మ కర్మయనుట. కర్మసిద్ధాంతమును నేను కాదనుటలేదు. కాని ఆ సిద్ధాంతము చెప్పునదేమి? చేసినవాడే అనుభవించునని. ఇచ్చట మందు తయారుచేసి లాభము పొందినవాడొకడు, ఊయల లేక దుఃఖించినవాడు మరియొకడు. ఒకరి పనికి మరియొకరు ఫలమనుభవించుట కర్మన్యాయము కాదు, ఆ న్యాయమునకు భంగము. కన్నులయెదుట నున్న కారణమును చూడక, కనబడని జన్మను తవ్వుట భక్తి కాదు. అది నేరము చేసినవానికి చేయు ఉపకారము.

రెండవది, ఇంకను నిరూపణ కాలేదనుట. ఇది విద్వాంసుని నోట సత్యాన్వేషణ కావచ్చును. వర్తకుని నోట అది గడువు కోరుట మాత్రమే. నిరూపణ యనగా నేమి? కూలీల దేహములు చెడి, ఏండ్లు గడచి, లెక్కలు కుదిరిన పిమ్మట వచ్చునది. అంతవరకు సందేహపు మూల్యమును ఎవరు చెల్లించుచున్నారు? తెలియనివాడు చెల్లించుచున్నాడు, తెలిసినవాడు అమ్ముచున్నాడు.

మూడవది, కూలి తన ఇష్టముననే ఆ పనికి వచ్చినాడనుట. ఈ మాట మన జాతి చెవికి కొత్తది కాదు. మన ముత్తాతలును ఒప్పందపత్రముపై వ్రేలిముద్ర వేసిరి. ఆ పత్రములో నున్నదేమో ఎందరికి చదివి వినిపించిరి? తెలిసి ఒప్పుకొనుట వేరు, ఆకలికి ఒప్పుకొనుట వేరు. మందుడబ్బాపై వ్రాసిన హెచ్చరికను చదువలేనివాని మౌనమును సమ్మతిగా తలచుట ఎంతమాత్రమును ధర్మము కాదు.

ఐతే ప్రతి సందేహమునకును పనులు నిలుపవలెనా? పురుగుమందు లేనిచో పంట పోవును, పంట పోయినచో ఆకలి వచ్చును అను వాదములోను సత్యము కలదు. అందుచేత ఒక కొలత కావలెను. పోయినది తిరిగి వచ్చునా రాదా యనునదే ఆ కొలత. తిరిగివచ్చు హాని విషయమున కొంత సాహసము క్షమింపదగును. తిరిగిరాని హాని విషయమున కొద్దిపాటి సందేహమైనను ఆపుటకు చాలును. పుట్టవలసిన బిడ్డ పుట్టకపోవుట తిరిగిరాని హానులలో మొదటిది. ఆ బిడ్డ న్యాయస్థానమునకు రాలేడు, సాక్ష్యము చెప్పలేడు. వాని పక్షమున మాటలాడవలసినవారు ఇప్పుడున్నవారే.

ఇట్టి కొలతను పాటించుట అసాధ్యము కాదనుటకు నేను నివసించు ఈ దేశములోనే ఒక నిదర్శనము కలదు. ఒమాన్‌లో జూన్, జూలై, ఆగస్టు నెలలలో మధ్యాహ్నము 12:30 నుండి 3:30 వరకు నిర్మాణస్థలములలోను, బహిరంగ ప్రదేశములలోను ఎండలో పనిచేయించుట చట్టవిరుద్ధము. ఆ వేళ అజైబాలో కట్టుచున్న భవనముల నీడలో మన తెలుగు కూలీలు, బంగ్లాదేశపు కూలీలు నడుము వాల్చుట కనబడును. నీవు తప్పక స్పృహ తప్పుదువని నిరూపింపుమని చట్టము ఏ కూలిని అడుగదు. ఎండ అపాయకరమనుట చాలును. భారము పని చేయించువానిపై నున్నది. విషపదార్థముల విషయమునను న్యాయము ఇట్లే యుండవలెను.

ఎండ మాట వచ్చినది గనుక మరియొక సంగతి. ఇది ఎడారి దేశములలో పనిచేయు ప్రతి తెలుగువాని ఇంటికిని సంబంధించినది. వృషణములు దేహము వెలుపల నుండుటకు కారణము, శుక్రకణముల ఉత్పత్తికి దేహోష్ణముకంటె రెండు మూడు డిగ్రీలు తక్కువ వేడి కావలసియుండుటయే. ఎడతెగని తీవ్రమైన వేడిమి వానిని తగ్గింపగలదు. ఒక కణము తయారగుటకు సుమారు రెండున్నర నెలలు పట్టును. వేడి తగ్గినచో చాలవరకు తిరిగి కోలుకొనవచ్చును. ఇప్పుడు కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుండి వచ్చిన యొక యువకుని తలచుకొనుడు. వేసవియంతయు కొలిమివంటి చోట పనిచేసి, రెండేండ్లకొకసారి రెండు నెలల సెలవుపై ఇంటికి పోవును. దేహము కోలుకొనులోపలనే సెలవు ముగియును. ఏడాదిపాటు కలిసి కాపురము చేసియు గర్భము కలుగనిచోగాని సంతానలేమియని వైద్యులు అనరు. ఆరేండ్ల కాపురమని ఊరు లెక్కించును. కలిసియున్నది ఆరు నెలలే. ఆ ఆరు నెలల లెక్కకు ఆ యువతిని పేరంటమునకు పిలువక మానుట ఎక్కడి ధర్మము?

కావున సోదరులారా, ఇంటియందు సందేహభారమును ముందుగా పురుషుడు తీసికొనవలెను. భార్యచేత ఒక్క ఉపవాసమైనను చేయించుటకు పూర్వము, ఒక్క మందైనను మ్రింగించుటకు పూర్వము, భర్త తన పరీక్ష చేయించుకొనవలెను. అందు అవమానములేదు. వీర్యకణముల సంఖ్య పౌరుషమునకు కొలత కాదు. ఫలితము ఏదైనను, అత్తగారికి ఆ మాటను చెప్పవలసినవాడు కొడుకే. తాను చేయు పని, త్రాకు మందులు, నిలుచు వేడిమి వైద్యునకు దాచక చెప్పవలెను. వైద్యుడు అడుగకపోయినను చెప్పవలెను.

పొలమును, తోటను, కర్మాగారమును నడుపు మనవారు ఇప్పుడు తక్కువమంది కారు. మన తాతలు కూలీలు, మనలో కొందరము యజమానులము. మందు చల్లువానికి చేతితొడుగులు, ముఖకవచము ఇచ్చుట, వాని భాషలో హెచ్చరికను చదివి వినిపించుట, నిషేధింపబడిన మందు చవుకగా దొరికినను కొనకుండుట మన బాధ్యత. మనపై జరిగిన అన్యాయమును ప్రతి సంచికలో వ్రాసికొనుచు, మన క్రింద పనిచేయువాని విషయమున ఆ అన్యాయమునే చేసినచో ఆ వ్రాతకు విలువలేదు.

దేవాలయ సంఘములును ఒక పని చేయవచ్చును. శ్రీమంతమునకు, నామకరణమునకు, అమ్మవారి పండుగలో హారతి పళ్లెము పట్టుటకు సంతానము లేని స్త్రీని వెనుకకు నెట్టు ఆచారము ఎక్కడనైన మిగిలియున్నచో దానిని మాన్పవలెను. పెంపుడు బిడ్డకు గోత్రనామములు చెప్పి పూజ చేయునప్పుడు స్వరము తగ్గింపరాదు. ఓడలో తల్లిదండ్రులను పోగొట్టుకొన్న శిశువులను తోటి ప్రయాణికులు తమ బిడ్డలుగా పెంచిన జాతి మనది. మన వంశములలో ఎన్నింటిలో రక్తము మారినదో ఎవరికిని తెలియదు. అయినను వంశములు నిలిచినవి.

సంతానము దైవానుగ్రహమనుట నిజమే. కాని అనుగ్రహము వచ్చు త్రోవలో మనుష్యులు విషము పోసినప్పుడు దైవమును నిందించుట తగదు, స్త్రీని నిందించుట అంతకంటె తగదు. శాస్త్రము తన లెక్కలు ముగించుటకు ఇంకను కాలము పట్టవచ్చును. సందేహము కొంతకాలము మనతోనే యుండును. ఉన్నంతకాలము దానిని బలవంతుడు మోయుగాక. లాభము పొందినవాడు మోయుగాక. ఇంటిలో భర్త మోయుగాక. మోయలేనివారి తలపై పెట్టకుండుటయే ఈ విషయమున మనకు సాధ్యమైన ధర్మము.

సర్వే జనాః సుఖినో భవంతు.